కాన్‌స్టెల్లేషన్ ఓడ రాగి బిళ్ళ: 1797దా, 1854దా? ఇంట్లో గొడవ

కావలి అల్లుడు:
అన్నలూ ఒక డౌటు. మా మామ అప్పుడెప్పుడో అమెరికాలో వాళ్ళన్న దగ్గరికి పోయినప్పుడు బాల్టిమోర్‌లో ఒక రాగి బిళ్ళ కొనుక్కొచ్చాడు, ఒక పక్క తెరచాపల ఓడ, ఇంకో పక్క ఇది కాన్‌స్టెల్లేషన్ ఫ్రిగేట్ (అదొక రకం యుద్ధ ఓడంట) భాగాలతో చేసింది అని ఇంగ్లీషులో ఉండాది. దాన్ని పూజగదిలో కుంకుమ భరిణె పక్కన పెట్టుకోని, వచ్చినోళ్ళందరికీ 1797 నాటి రాగి, అమెరికా నేవీ మొదటి ఓడల్లోది అని చూపిస్తా ఉంటాడు. మొన్న మా బామ్మర్ది ఆ ఓడ ముందర నిలబడి వీడియో కాల్ చేసి "బావా, ఈడ 1854 అంటుండారే" అన్నాడు. మామ ఫోను లాక్కోని కట్ చేశాడు. ఏది కరెక్టు? అసలు ఆ ఓడ ఏం చేసిందని ఇంత పేరు?

కృష్ణపట్నం సరంగు:
నేను పాతికేళ్ళు సరుకు ఓడల్లో చేశాను, ఈ పాత ఓడల పిచ్చి అప్పట్నుంచీ ఉంది. ఆ పేరుతో రెండు ఓడలున్నాయి నాయనా, గొడవంతా అదే.

మొదటిది ఫ్రిగేట్. 1794లో అమెరికా కాంగ్రెస్ ఆరు ఫ్రిగేట్లు కట్టమంది, అందులో ఇదొకటి, బాల్టిమోర్‌లో కట్టి 1797 సెప్టెంబరు 7న నీళ్ళలోకి దించారు. 38 ఫిరంగుల ఓడ, మంచి స్పీడు, యాంకీ రేసుగుర్రం అనేవాళ్ళు. కెప్టెన్ థామస్ ట్రక్స్టన్, చండశాసనుడు. ఫ్రాన్స్‌తో యుద్ధం అని ప్రకటించకుండానే కొట్టుకుంటున్న రోజులవి. 1799 ఫిబ్రవరి 9న నెవిస్ దీవి దగ్గర ఫ్రెంచి ఫ్రిగేట్ ఎల్ ఇన్సర్జెంట్‌ని పట్టేసింది. ఆ పోరులో ఒక నావికుడు భయపడి ఫిరంగి వదిలి పరిగెత్తబోతే లెఫ్టినెంట్ స్టెరెట్ కత్తితో పొడిచి చంపేశాడు. ఈ ఓడ మీద మొహం పాలిపోయినా చంపేస్తాం అని తర్వాత ఉత్తరంలో రాసుకున్నాడు కూడా, గొప్పగా!

నన్ను అడిగితే 1800 ఫిబ్రవరి 1 రాత్రిదే అసలు కథ. లా వెంజాన్స్ అనే ఇంకా పెద్ద ఫ్రెంచి ఓడతో చీకట్లో గంటల తరబడి కాల్చుకున్నారు, ఫిరంగి గుళ్ళకి తాళ్ళన్నీ తెగి తెరచాపలు కట్టే పెద్ద స్తంభం ఊగిపోతా ఉంది, దాని పైన కాపలా ఉన్నది జార్విస్ అని 13 ఏళ్ళ మిడ్‌షిప్‌మన్, అంటే ఆఫీసరు పని నేర్చుకుంటున్న పిల్లాడు, వాడి కింద ఇంకొంతమంది. దిగిపోదాం బాబూ అంటే ఆర్డరు లేకుండా దిగను, పడితే దాంతోనే పడదాం అన్నాడంట. స్తంభం విరిగి సముద్రంలో పడింది, పిల్లాడు పోయాడు. వాడి పేరుమీద కాంగ్రెస్ తీర్మానం చేసింది. స్తంభం పోయాక వెంబడించే దారి లేదు, ఫ్రెంచోడు తప్పించుకుని కురసావ్ దీవి చేరాడు.

తర్వాత ట్రిపోలీ పోయింది. 1812 యుద్ధంలో మాత్రం పాపం నార్‌ఫోక్‌లో ఇంగ్లీషోళ్ళు దిగ్బంధం చేస్తే బయటికే రాలేకపోయింది. 1815లో అల్జీర్స్ మీదికి పోయింది. చివర్లో కమడోర్ కెర్నీ కింద ప్రపంచమంతా చుట్టి 1842లో చైనా కాంటన్, మరుసటేడు హవాయి చూసింది. 1853లో నార్‌ఫోక్‌లో విరగ్గొట్టేశారు. బాల్టిమోర్‌లో ఇప్పుడుండేది 1854లో దించిన వేరే ఓడ.

కొత్తపట్నం బుల్లోడు:
సరంగు గారూ చిన్న మాట. మా నాయన చెక్క పడవకి ప్రతేడూ వేట నిషేధంలో ఏప్రిల్ 15 నుంచి ఇసకలోకి లాగి రిపేరు చేసేవోళ్ళం, పుచ్చిన పలక తీసి కొత్తది వేసి, సందుల్లో పత్తి కూరి గుగ్గిలం పూసి. పదేళ్ళలో పలకలన్నీ మారిపోయినయ్, అయినా అది మా నాయన పడవే, నంబరు కూడా అదే. ఇదీ అట్టాంటిదే కాదా?

కృష్ణపట్నం సరంగు:
మంచి ప్రశ్న, అమెరికావాళ్ళు ఏళ్ళతరబడి దీనికే కొట్టుకున్నారు. పేరొకటే, పాత సామాను కొంత వాడారు, అందుకని 1955లో బాల్టిమోర్ తెచ్చాక దీన్ని 1797 ఓడలా కనపడేట్టు మార్చేశారు కూడా. కానీ కొత్తదానికి అడుగు దూలమే విడిగా వేశారు, పొడుగు ఎక్కువ, ఆకారం వేరు, ఫ్రిగేటే కాదు, స్లూప్, అంటే ముఖ్యమైన ఫిరంగులన్నీ ఒకే అంతస్తులో ఉండే యుద్ధ ఓడ. పాత ఓడేనని చూపిన కాగితాల్లో కొన్ని దొంగవని 1991 రిపోర్టులో తేలింది. తర్వాత దాన్ని 1854 రూపానికే బాగుచేశారు.

కొత్తపట్నం బుల్లోడు:
అట్టయితే ఇది మా నాయన పడవ కాదు, మా బాబాయి బోటు. పాతది కొట్టి పొయ్యిలో పెట్టి, కొత్త ఫైబర్ బోటు కొని అదే పేరు రాయించాడు 😂

ఒంగోలు మేష్టారు:
ఆ రెండోదాన్ని తక్కువ చెయ్యకండయ్యా. 1860 సెప్టెంబరులో ఆఫ్రికా తీరం దగ్గర కోరా అనే బానిసల ఓడని వెంటాడి పట్టుకుంది, అందులో 705 మంది ఉన్నారు. 1880లో ఐర్లండ్ కరువుకి తిండి మోసింది. మీ మామ బిళ్ళలో ఆ ఓడ రాగే ఉంటే అదేం తక్కువది?

కావలి అల్లుడు:
థాంక్స్ అందరికీ. మామకి ఒంగోలు మేష్టారి మాట చదివి వినిపించా, ఏమీ అనలా, కళ్ళజోడు తుడుచుకోని "705 మందా" అని రెండుసార్లు అడిగాడు. పొద్దున పాలబ్బాయికి బిళ్ళ చూపిస్తా ఉంటే విన్నా, 1797 మాత్రం వదల్లా, 705 కూడా దానికే కలిపేశాడు. ఇప్పుడు ఎవురన్నా చెప్పండి, ఆ పిల్లోడు జార్విస్ ఏ ఓడలో పోయాడో ఆయనకి ఎట్టా అర్థమయ్యేట్టు చెప్పేది?