ఐదు లక్షలు ఇప్పుడే హోమ్ లోన్‌కి కట్టేయాలా, బిడ్డ పుట్టేదాకా చేతిలో ఉంచుకోవాలా?

మియాపూర్_ఫ్లాట్:

అందరికీ నమస్తే. ఈ గ్రూపులో రెండేళ్లుగా అందరివీ చదువుతున్నాను. రాయడం మాత్రం ఇదే మొదటిసారి, కొంచెం పెద్దగా అవుతుంది, ఓపిగ్గా చదవండి.

నాకు 31, మావారికి 34. పెళ్లయి నాలుగేళ్లు. వచ్చే ఏడాది బిడ్డ కోసం చూద్దామని ఇద్దరం అనుకున్నాం. థైరాయిడ్ టెస్టులు అయ్యాయి, డాక్టరుగారు ఫోలిక్ యాసిడ్ మాత్రలు మొదలుపెట్టమన్నారు. ఒక్క డబ్బు దగ్గరే మా ఇద్దరి మాట కలవడం లేదు.

2023 జూలైలో మియాపూర్‌లో రెండు బెడ్‌రూముల ఫ్లాట్ తీసుకున్నాం. ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో 45 లక్షల లోన్, 20 ఏళ్లు, ఫ్లోటింగ్ (వడ్డీ రేటు మారుతూ ఉండేది), ఇప్పుడు 8.5 శాతం. ఈఎంఐ 39,052. మొన్న స్టేట్‌మెంట్ తీసి చూస్తే ఏడుపొచ్చినంత పనైంది. 24 ఈఎంఐలు కట్టాం, అంటే 9 లక్షల 37 వేలు. అసలులో తగ్గింది 1 లక్షా 87 వేలే. ఇంకా 43 లక్షల 13 వేలు ఉంది.

ఆయనకు చేతికి 68 వేలు వస్తుంది, నాకు 42. నెల ఖర్చంతా డైరీలో రాస్తాను. ఈఎంఐ కాక చిట్టీ డివిడెండ్ పోను 8,300, మెయింటెనెన్స్ 3,200, అద్దంకిలో ఉన్న అత్తయ్యగారు వాళ్లకు 10 వేలు, మ్యూచువల్ ఫండ్ సిప్ 5 వేలు. సరుకులు, పాలు, కరెంటు, పెట్రోలు, పనమ్మాయి అన్నీ కలిపి 28 వేలు. నెలాఖరుకు పదహారు వేలు మిగులుతుంది. అలా కూడబెట్టింది 6 లక్షల 40 వేలు. అందులో 5 లక్షలు ఎఫ్‌డీ, వచ్చే నెల 18న మెచ్యూర్ అవుతుంది.

ఆ ఐదు లక్షలు మొత్తం లోన్‌కి కట్టేద్దాం అంటారు ఆయన. బిడ్డ వచ్చేలోపు అప్పు భారం కొంతైనా దిగాలి అని. నాకేమో అది చేతిలో లేకపోతే రాత్రి నిద్ర పట్టదనిపిస్తోంది. మెటర్నిటీ లీవు జీతంతో ఆరు నెలలు వస్తుంది. తర్వాత ఇంకో ఆరు నెలలు జీతం లేకుండా ఇంట్లో ఉండి బిడ్డను చూసుకోవాలని నా కోరిక. నా జీతం ఆగితే ఇదే ఖర్చుకు నెలకు 25,500 తక్కువ పడుతుంది. ఆరు నెలలకు లక్షా యాభై మూడు వేలు. డెలివరీ ఖర్చు, పురుడు, బారసాల ఇందులో లేవు.

ఆయనది మొండితనం కాదండీ. మా మామయ్యగారు పొగాకు వేసేవారు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ కోసం తెచ్చిన అప్పు వడ్డీలతో పెరిగి రెండెకరాలు అమ్మేదాకా వచ్చింది. ఆ రిజిస్ట్రేషన్ రోజు ఈయన తొమ్మిదో తరగతి, నాన్నతో పాటు ఆఫీసు బయట బెంచీ మీద కూర్చున్నారట. అప్పు అన్న మాట వస్తే ఇప్పటికీ ఆయన ముఖం మారిపోతుంది. అందుకే గట్టిగా వాదించలేకపోతున్నాను. సరైన లెక్క ఎవరైనా చెబితే ఇద్దరం కూర్చుని చదువుకుంటాం.

ఇంకో మాట. వేరే కంపెనీ నుంచి 51 వేలకు ఆఫర్ వచ్చింది. ఈ టైములో మారొచ్చా?

నిజాంపేట్_302:

మేడం, నేను మీవారి పక్షం. లెక్క చెబుతాను. 43.13 లక్షల్లోంచి 5 లక్షలు ఇప్పుడు కట్టి ఈఎంఐ అలాగే ఉంచితే, మిగిలిన 216 నెలలు దాదాపు 167కి వస్తాయి. నాలుగేళ్లకు పైగా ముందే లోన్ అయిపోతుంది. వడ్డీలో 14 లక్షలకు పైగా ఆదా. ఏ ఎఫ్‌డీ కూడా మీకు ఇంత ఇవ్వదు. ఫ్లోటింగ్ లోన్ కాబట్టి ముందుగా కడితే పెనాల్టీ ఉండదు.

టాక్స్ కోసం లోన్ ఉంచుకోమని కొందరు చెబుతారు, వినకండి. కొత్త పన్ను విధానంలో సొంతంగా ఉంటున్న ఇంటి లోన్ వడ్డీకి మినహాయింపే లేదు. ఉద్యోగులకు 12 లక్షల 75 వేల దాకా పన్ను పడదు కాబట్టి మీ ఇద్దరికీ దాని అవసరమూ లేదు.

నేను మూడేళ్లుగా ప్రతి బోనసూ లోన్‌కే కట్టాను. స్టేట్‌మెంట్‌లో అసలు తగ్గుతుంటే వచ్చే ధైర్యం వేరు.

ఇద్దరు_పిల్లల_తల్లి:

చెల్లీ, మా కథ విను. ఆ తర్వాత మీ ఇష్టం.

మాది విజయవాడ. 2019లో ఏడో నెల నడుస్తుండగా మేమూ ఇలాగే 4 లక్షలు లోన్‌కి కట్టేశాం. ఇంకా టైముంది, డెలివరీ నాటికి మళ్లీ కూడబెడదాం అనుకున్నాం. పెద్దవాడు 33వ వారంలోనే పుట్టేశాడు. కిలో ఏడు వందల గ్రాములు. పద్నాలుగు రోజులు ఎన్ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో ఉన్నాడు.

ఆ రోజుల్లో నాకు బాగా గుర్తున్నది చిన్న స్టీలు గిన్నె. పాలు పిండి ఆ గిన్నెలో, మూత మీద నా పేరు రాసిన ప్లాస్టర్ అంటించి నర్సు చేతికి ఇచ్చేదాన్ని. వాడికి ట్యూబ్‌లో ఐదు ఎంఎల్ పట్టేవాళ్లు. మిగతాది అలాగే ఉండిపోయేది. పైన నేను ఇలా ఉంటే కింద మావారికి రోజూ ఉదయం బిల్లింగ్ కౌంటర్ నుంచి ఫోన్, ఇవాళ్టి అడ్వాన్సు కట్టమని. చివరికి మొత్తం 3 లక్షల 20 వేలయింది.

ఆఫీసు ఇన్సూరెన్సులో పుట్టిన బిడ్డకు కవరేజీ ఉంది. కానీ బిడ్డ పేరు ఫలానా రోజుల్లో చేర్చాలని ఒక గడువు ఉంటుంది. ఆ హడావుడిలో ఎవరికీ గుర్తు లేదు, గడువు దాటిపోయింది. లోన్‌కి కట్టిన డబ్బు వెనక్కి అడిగితే ఎవరిస్తారు? మా అమ్మ పెట్టిన రెండు పేటల గొలుసు, నాలుగు గాజులు బ్యాంకులో పెట్టి గోల్డ్ లోన్ తెచ్చాం. విడిపించుకోవడానికి రెండున్నరేళ్లు పట్టింది.

వాడికిప్పుడు ఆరేళ్లు, చక్కగా ఉన్నాడు. అందరికీ ఇలా కావాలని కాదు. కానీ బిడ్డ మొదటి పుట్టినరోజు అయ్యేదాకా ఆ డబ్బు కదిలించకు.

గోదారిగట్టు:

అమ్మా, నేను బ్యాంకులో 34 ఏళ్లు పనిచేసి రాజమండ్రిలో రిటైరయ్యాను. ఎక్కువ కాలం లోన్ సెక్షన్‌లోనే. మీ పోస్టులో అందరూ ఐదు లక్షల గురించే మాట్లాడుతున్నారు. నా కళ్లు మాత్రం ఆ 8.5 దగ్గరే ఆగిపోయాయి.

2025 ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 నుంచి 5.5కి దించింది. బ్యాంకులో తీసుకున్న, రెపో రేటుకు ముడిపెట్టిన లోన్ అయితే మూడు నెలలకోసారైనా రేటు సవరించాలి కాబట్టి ఆ తగ్గుదల దానంతట అదే వచ్చేది. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకు ఆ నిబంధన లేదు, వాళ్ల సొంత రేటు వాళ్లది. మీలాంటి పాత కస్టమరు వెళ్లి అడిగితేనే తగ్గిస్తారు. కన్వర్షన్ అని చిన్న ఫీజు ఉంటుంది. రేటు తగ్గాక ఊరుకుంటే ఈఎంఐ అలాగే ఉంచి కాలం తగ్గిస్తారు. మీ అవసరం వేరు, వచ్చే రెండేళ్లు నెలనెలా చేతిలో డబ్బు ఆడాలి. కాబట్టి ఈఎంఐ తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకోకపోతే బ్యాంకుకు బదిలీ చేసుకుంటానని చెప్పండి. బదిలీకి ప్రాసెసింగ్ ఫీజు, లీగల్ ఖర్చులు, మళ్లీ రిజిస్ట్రేషన్ పని ఉంటాయి కాబట్టి ముందు అడిగి చూడడమే మంచిది.

ఇక ఐదు లక్షల మాట. 302 గారు చెప్పిన 14 లక్షల లెక్క తప్పు కాదు. అయితే ఇప్పుడు కట్టకపోతే ఆ 14 లక్షలూ పోయినట్టు కాదు కదా. ఏడాదిన్నర తర్వాత కట్టినా అందులో చాలా భాగం వస్తుంది. ఆలస్యానికి మీరు చెల్లించే ధర ఎంతో చూడండి. లోన్ 8.5, మీ ఎఫ్‌డీకి 6.5 వస్తోందనుకుంటే తేడా రెండు శాతం. ఐదు లక్షల మీద ఏడాదికి 10 వేలు. రేటు తగ్గించుకుంటే ఇంకా తక్కువ. బిడ్డ వచ్చే ఏడాదిలో ఐదు లక్షలు చేతికి అందే దూరంలో ఉంచుకోవడానికి ఏడాదికి 10 వేలు ఎక్కువేమీ కాదు. విజయవాడ అమ్మాయి రాసింది చదివాక మీవారు కూడా ఒప్పుకుంటారనుకుంటాను.

ఆ ఎఫ్‌డీని ఒకే ముక్కగా వెయ్యకండి. లక్ష చొప్పున ఐదు వెయ్యండి. అవసరమైతే ఒకటి బద్దలు కొట్టినా మిగతా నాలుగింటి వడ్డీ చెడదు.

ఒకటి అడుగుతాను, కోప్పడకండి. 43 లక్షల అప్పు ఉన్న ఇంట్లో మీ ఇద్దరికీ టర్మ్ ఇన్సూరెన్స్, అంటే మనిషికి ఏమైనా అయితే ఇంట్లోవాళ్లకు డబ్బు వచ్చే పాలసీ, ఉందా?

మియాపూర్_ఫ్లాట్:

అక్కా, మీ పోస్టు ఆయనకు చదివి వినిపించాను. గిన్నె మీద ప్లాస్టర్ దగ్గరకు వచ్చేసరికి నా గొంతు ఆగిపోయింది, మిగతాది ఆయనే చదువుకున్నారు. చాలాసేపు ఏం మాట్లాడలేదు.

గోదారిగట్టు గారూ, కోపమెందుకండీ. ఆయనకు ఐదు లక్షల ఎల్ఐసీ పాలసీ ఒక్కటే ఉంది. టర్మ్ లేదు. నాకు అసలు ఏదీ లేదు. మా రేటు ఇంకా 8.5 అనే ఉంది, అడిగితే తగ్గుతుందని కూడా మాకు తెలియదు.

చిట్టీ గురించి కూడా చెప్పండి. ఐదు లక్షల చిట్టీ, 50 నెలలు, 22 అయ్యాయి. అవసరమొస్తే పాడుకోవచ్చు కదా, అదే ఎమర్జెన్సీ డబ్బు అంటారు ఆయన.

హెచ్ఆర్_ఉప్పల్:

చిట్టీని ఎమర్జెన్సీ కింద లెక్క వేసుకోకండి. పాట మీకే రావాలి, వచ్చాక ష్యూరిటీలు తేవాలి, వాళ్ల జీతం స్లిప్పులు చూడాలి, డబ్బు చేతికొచ్చేసరికి వారాలు పడుతుంది. మా ఇంట్లో చిట్టీని పెళ్లిళ్లకే వాడతాం, ఆసుపత్రికి కాదు.

ఉద్యోగం మాట నా పని కాబట్టి చెబుతాను. మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు చట్టం ఇచ్చిన హక్కు. కానీ ప్రసవం తేదీకి ముందు 12 నెలల్లో ఆ కంపెనీలో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. మీరు ఇంకా గర్భవతి కాదు కాబట్టి మారినా ఆ 80 రోజులు సులభంగా నిండుతాయి. మారాలంటే ఇదే టైము, నెల తప్పాక టెన్షన్ పడుతూ మారొద్దు. ఆఫర్ లెటర్ మీద సంతకానికి ముందు మూడు అడగండి: ఆఫీసు గ్రూప్ పాలసీలో మెటర్నిటీ లిమిట్ ఎంత, దానికి వెయిటింగ్ పీరియడ్ (కవరేజీ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం) ఉందా, పుట్టిన రోజు నుంచే బిడ్డకు కవరేజీ ఉందా. సమాధానం మెయిల్‌లో రావాలి. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. విడిగా కొనే పాలసీల్లో మెటర్నిటీకి చాలా చోట్ల రెండేళ్లు, మూడేళ్లు వెయిటింగ్ ఉంటుంది కాబట్టి మీకు ఆఫీసు పాలసీయే దిక్కు.

టర్మ్ పాలసీ మీకూ కావాలి. అదీ ఇప్పుడే తీసుకోండి. గర్భం వచ్చాక, ముఖ్యంగా చివరి నెలల్లో అయితే, చాలా కంపెనీలు ప్రసవం అయ్యాక రమ్మంటాయి.

మియాపూర్_ఫ్లాట్:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, క్షమించండి.

శనివారం ఇద్దరం లోన్ ఆఫీసుకు వెళ్లాం. కౌంటర్లో ఉన్నాయన మొదట యాప్‌లో రిక్వెస్ట్ పెట్టుకోమన్నారు. గోదారిగట్టు గారు చెప్పినట్టు రాసుకెళ్లిన లెటర్ ఇచ్చి, బ్యాంకుకు బదిలీ చేసుకుంటామని చెప్పాం. అప్పుడు మేనేజరు దగ్గరకు పంపారు. రేటు 7.75 చేశారు. ఫీజు జీఎస్టీతో కలిపి 5,900. కాలం అలాగే ఉంచి ఈఎంఐ తగ్గించమన్నాం. వచ్చే నెల నుంచి 37,088. దాదాపు 2 వేలు తగ్గింది, కట్టిన ఫీజు మూడు నెలల్లో వచ్చేస్తుంది. నేను సెలవులో ఉన్నన్నాళ్లు సిప్ కూడా ఆపితే నెలకు 25,500 కాదు, 18,600 మాత్రమే తక్కువ పడుతుంది. బయటికి వచ్చి మెట్ల దగ్గర నిలబడి ఫోన్‌లో ఆ లెక్క రెండుసార్లు వేసుకున్నాను.

కొత్త ఆఫీసు మెయిల్ పంపింది. మెటర్నిటీ లిమిట్ 75 వేలు, వెయిటింగ్ లేదు, బిడ్డకు మొదటి రోజు నుంచి కవరేజీ. చేరుతున్నాను. ఇద్దరికీ టర్మ్ పాలసీలకు మెడికల్ టెస్టులు అయ్యాయి.

ఎఫ్‌డీ లక్ష చొప్పున ఐదు చేద్దామని ఆయనే అన్నారు. ఒక్క షరతు పెట్టారు. బిడ్డ మొదటి పుట్టినరోజు తర్వాతి నెలలో, వాటిలో ఎన్ని మిగిలితే అన్నీ లోన్‌కి వెళ్లాలి. నేను సరే అన్నాను. ఆ మాట నా డైరీలో ఆయనే రాశారు. ఆయన ఆ డైరీ ముట్టుకోవడం నాలుగేళ్లలో ఇదే మొదటిసారి.

302 గారూ, మీ లెక్క కూడా ఆ పేజీలోనే రాసుకున్నాం. ఆ రోజు వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇద్దరు_పిల్లల_తల్లి:

అదే పేజీలో ఇంకో లైను రాయించు చెల్లీ, మీ ఆయన చేతే. పుట్టిన వారంలోపే బిడ్డ పేరు పాలసీలో చేర్చాలి. పేరు పెట్టకపోయినా ‘బేబీ ఆఫ్’ అని నీ పేరుతో చేరుస్తారా అని కొత్త హెచ్ఆర్‌ని చేరిన రోజే అడుగు. ఆ మెయిల్ ప్రింటు తీసి ఆసుపత్రి ఫైల్‌లో పెట్టు.