హగ్గాదాలో రెండో కొడుకు పళ్ళు: రాలగొట్టాలా, పులియాలా?

ప్రశ్న:
మా అబ్బాయి, కోడలు న్యూజెర్సీలో ఉంటారు. కోడలిది యూదు కుటుంబం. ఐగుప్తు (ఈజిప్టు) బానిసత్వం నుంచి విడుదలను యూదులు తలచుకునే పస్కా పండుగ రాత్రి జరిగే సెడర్ విందు ఈసారి వాళ్ళింట్లోనే. ఆ విందులో అందరూ కలిసి చదివే పుస్తకం హగ్గాదా. దాని ఎంపికలో నన్నూ ఒక మాట చెప్పమన్నారు. రెండు ఇంగ్లీషు అనువాదాలు చూశాను. నాలుగు రకాల కొడుకులకు తండ్రి ఏం చెప్పాలో నేర్పే ఘట్టంలో, రెండోవాడైన దుష్టుడి పళ్ళు మొద్దుబార్చమని ఒకదానిలో ఉంది. రెండోదానిలో మందలించమని మాత్రమే ఉంది. మూలంలో ఏముందో చెప్పగలరా? మనుమరాలు ప్రతిదానికీ ఎదురు ప్రశ్న వేసే పిల్ల, అందుకే అడుగుతున్నాను.

జవాబు:
హీబ్రూ మూలంలో ఉన్నది ‘హక్‌హే ఎత్ షినావ్’ అండీ. షినావ్ అంటే అతని పళ్ళు. చిక్కంతా హక్‌హే దగ్గరే. దాన్ని ‘పళ్ళు రాలగొట్టు’ అని చెప్పేవారున్నారు, అది తప్పు. ఆ ధాతువు బైబిలులో ప్రసంగి 10:10లో ఇనుము పదును పోయి మొద్దుబారడానికి వచ్చింది. యెహెజ్కేలు 18:2లో మళ్ళీ వచ్చింది. అక్కడ మన తెలుగు బైబిలు అనువాదకులు తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల ‘పళ్లు పులిసెను’ అని రాశారు. ఎంత చక్కగా కుదిరిందో! పచ్చి మామిడికాయ నమిలాక మెత్తటి అన్నం కూడా కొరకలేకపోవడం మనకు తెలిసిందే. దెబ్బ తగలదు, పన్ను ఊడదు, కొరికే శక్తి మాత్రం కాసేపు పోతుంది. ‘అతని పళ్ళు పులిసేలా జవాబు చెప్పు’ అన్నది నా అనువాదం.

ఆ కొడుకు అడిగింది ‘ఈ ఆచారం మీకేమిటి?’ అని. ‘మీకు’ అనడంతోనే తనను తాను వేరు చేసుకున్నాడని హగ్గాదా అభియోగం. జవాబుగా తండ్రి నిర్గమకాండము 13:8 చెబుతాడు: నేను ఐగుప్తు నుంచి బయటికి వచ్చినప్పుడు దేవుడు నాకు చేసినదాని కోసం. ‘నాకు, అతనికి కాదు, అతను అక్కడ ఉండి ఉంటే విడుదల పొందేవాడు కాడు’ అని వ్యాఖ్యానం. కటువైన జవాబే. దాన్ని మందలింపుగా చప్పబరచడం నాకు నచ్చదు. ఎదురు ప్రశ్న వేసే పిల్లకు ఆ కటుత్వం కనబడాలి, దానితో వాదించే అవకాశం ఉండాలి.

ఇంకొక సంగతి చూడండి. అడగడమే తెలియని నాలుగో కొడుకుకు చెప్పేదీ ఇదే వచనం. ‘అతనికి నువ్వే మాట అందించు’ అని ముందు ఒక వాక్యం, తర్వాత మళ్ళీ 13:8. ఒకరి పళ్ళు పులియబెట్టిన వాక్యమే మరొకరి నోరు తెరిపిస్తుంది. హగ్గాదా అన్న పేరు కూడా ఆ వచనంలోని ‘నీ కుమారునికి చెప్పు’ అన్న క్రియతో ముడిపడిందే. రెండు చోట్లా ఆ వచనం ఒకే మాటలతో ఉన్న పుస్తకం తీసుకోండి. హీబ్రూ ఎదురుగా ఉండాలి. హీబ్రూ చదవలేనివారి కోసం ఉచ్చారణ కూడా ఇచ్చి ఉంటే ‘మా నిష్తనా’ (ఈ రాత్రికి తేడా ఏమిటి) అనే ప్రశ్నలు పాడేటప్పుడు ఎవరూ మౌనంగా కూర్చోరు.

అందరి చేతిలోనూ ఒకే ముద్రణ ఉండాలి. మాక్స్‌వెల్ హౌస్ కాఫీ కంపెనీ 1932 నుంచి ఉచితంగా పంచిన హగ్గాదా అమెరికాలో చాలా ఇళ్ళలో ఉంది. 2011లో దాని ఇంగ్లీషు మార్చారు. పాతవీ కొత్తవీ కలిపితే ఒకరు చదివేది ఇంకొకరికి అందదు.

మరొకరు:
1874లో పుణెలో, పశ్చిమ భారతంలోని బెనే ఇజ్రాయెల్ అనే యూదు సమాజం కోసం మరాఠీ అనువాదంతో హగ్గాదా అచ్చయింది. చీరలు కట్టుకున్న స్త్రీలు పొంగని రొట్టెలు చేస్తున్న బొమ్మలు కూడా అందులో ఉన్నాయి. మన గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలోనూ పస్కా జరుపుకొనే తెలుగు యూదులున్నారు. తెలుగులో చదవాలంటే, బానిసలుగా ఉన్నామని చెప్పే హగ్గాదా వాక్యం ‘అవాదీమ్ హాయీను’ను ‘మేము బానిసలం’ అనాలా, ‘మనం’ అనాలా?

జవాబు:
మనం. హీబ్రూలో ఈ తేడా లేదు కాబట్టి నిర్ణయం మనదే. ప్రతి తరంలోనూ ప్రతి మనిషీ తానే ఐగుప్తు నుంచి బయటపడినట్టు భావించాలని హగ్గాదాయే చెబుతుంది. ‘మేము’ అంటే వింటున్న పిల్లను తండ్రే బయట పెట్టినట్టవుతుంది. 13:8లో మాత్రం ‘నాకు’ అన్న ఏకవచనాన్ని ముట్టుకోకండి. అక్కడ ‘మనకు’ అని మెత్తబరిస్తే రెండో కొడుకుకు చెప్పిన జవాబే పోతుంది.