డయలాగ్ ఏపీఎల్ నుంచి ఎస్‌డీఎల్2: విండో వస్తోంది, ఆ తర్వాతే చిక్కు

ప్రశ్న:
64 బిట్ లినక్స్‌లో డయలాగ్ ఏపీఎల్ (మాత్రికలతో పనిచేసే ప్రోగ్రామింగ్ భాష) నుంచి, బయటి లైబ్రరీలని పిలిచే క్వాడ్ ఎన్ఏతో, ఎస్‌డీఎల్2 (విండో, బొమ్మలు, మౌస్, కీబోర్డు చూసుకునే లైబ్రరీ) ఫంక్షన్లు పిలుస్తున్నాను. విండో తెరుచుకుంటోంది, గీసే సాధనాన్ని తయారుచేసే క్రియేట్ రెండరర్ పిలవగానే ఇంటర్‌ప్రెటర్ క్రాష్ అవుతోంది. పాయింటర్లన్నీ (మెమరీ చిరునామాలు) ఐ4, అంటే 4 బైట్ల పూర్ణసంఖ్య, అని రాశాను. ఇంకోటి: క్యూలోంచి ఒక్కో ఈవెంట్ (కీ, మౌస్ వంటి సంఘటన) తీసిచ్చే పోల్ ఈవెంట్ నింపేది యూనియన్ (ఒకే మెమరీని రకరకాలుగా చదివే నిర్మాణం) కదా, ఏపీఎల్‌లో దాన్నెలా డిక్లేర్ చేయాలి?

జవాబు 1:
క్రాష్‌కి కారణం ఆ ఐ4లేనండి. 64 బిట్‌లో పాయింటర్ 8 బైట్లు; మీరు సగమే పట్టుకుని, ఆ సగాన్నే తిరిగి పంపిస్తున్నారు. విండో, రెండరర్ వచ్చే చోటా ఇచ్చే చోటా 'పి' (పాయింటర్ రకం) రాయండి.

యూనియన్‌కి బెంగ అక్కర్లేదు. ఎస్‌డీఎల్2లో ఈవెంట్ 56 బైట్లు, అంటే 14 ఐ4లు. '>' గుర్తు (ఫంక్షన్ నింపి ఇచ్చేది అని అర్థం) పెట్టి ఐ4[14] అనండి చాలు. ఇండెక్స్ ఒరిజిన్ (స్థానాల లెక్క మొదలయ్యే సంఖ్య) 1 అయితే మొదటిది రకం: 256 మూసేయడం, 768 కీ, 1024 మౌస్ కదలిక, 1025 మౌస్ బటన్. మౌస్ ఎక్స్, వై 6, 7లో ఉంటాయి. కీ కోడ్ కూడా 6లోనే. బటన్ నంబరుకి 5వ దాన్ని 256తో భాగించి శేషం తీసుకోండి, పై బైట్లలో వేరే సంగతులున్నాయి. ఎస్‌డీఎల్3కి మాత్రం ఈ లెక్కేదీ పనికిరాదు: అక్కడ ఈవెంట్ 128 బైట్లు, ఆఫ్‌సెట్లూ మారాయి.

జవాబు 2:
ఫ్రేముకి ఒక్క ఈవెంటే తీస్తే క్యూ పేరుకుపోతుంది. మౌస్ కాస్త కదిపితే చాలు, బొమ్మ వెనకబడుతుంది. పోల్ ఈవెంట్ 0 ఇచ్చేదాకా లాగి, అన్నిటినీ 14 నిలువు వరసల మాత్రికగా పేర్చండి. 1024 ఉన్న వరసల్లో చివరిదొక్కటే ఉంచుకోండి. లూపు రాసేకన్నా ఇదే ఏపీఎల్‌కి నప్పుతుంది.

గీయడమూ అంతే. చుక్కకో పిలుపు వద్దు. రెండర్ డ్రా పాయింట్స్‌కి ఎక్స్‌వై జతల మాత్రికని రావెల్ చేసి (ఒకే వరసగా పరిచి) '<' (మనం పంపేది) ఐ4[]గా ఒకేసారి ఇవ్వండి, వెంట చుక్కల సంఖ్య. సంఖ్యల లెక్క కాదు, చుక్కల లెక్క. రెట్టింపు ఇస్తే మన మెమరీ దాటి చదువుతుంది.

జవాబు 3:
రెండు జాగ్రత్తలు. ఫంక్షన్ పేరు చివర '&' పెడితే పిలుపు వేరే సిస్టమ్ థ్రెడ్‌లో (పక్కనే విడిగా నడిచే పనిలో) నడుస్తుంది; వీడియో మొదలుపెట్టిన థ్రెడ్‌లోనే ఈవెంట్లు తీయాలి కాబట్టి ఇక్కడ అది వాడొద్దు. అది లేకుండా ఈవెంట్ వచ్చేదాకా ఆగే వెయిట్ ఈవెంట్ పిలిస్తే ఏపీఎల్ థ్రెడ్లన్నీ ఆగిపోతాయి. పోల్ చేసి, మధ్యలో క్వాడ్ డీఎల్‌తో 0.01 సెకను ఆగండి.

తెలుగు టైపింగ్ కావాలంటే 768 కాదు, 771 (టైప్ చేసిన పాఠం) చూడండి. పాఠం మొదటి 12 బైట్ల తర్వాత 32 బైట్లలో యూటీఎఫ్-8గా ఉంటుంది. సున్నా బైటు దాకా తీసి బైట్లని అక్షరాలుగా మార్చే క్వాడ్ యూసీఎస్‌కి ఇవ్వండి. 'కి' అంటే క, గుడి కలిపి 6 బైట్లు, మధ్యలో కోయకండి.