"అట" అంటే "ఇట్ సీమ్స్" కాదా?

తార్నాకలో హాస్టల్‌లో ఉండి ఎమ్మే ఇంగ్లీష్ ఎంట్రన్స్‌కి చదువుకుంటున్నాను. తెలుగు గ్రూపులో ఇంగ్లీష్ పరీక్ష గోలేంటని విసుక్కోకండి, నా సందేహం తెలుగు మాట మీదే. ఆ మాట "అట".

రోజూ పొద్దున ఫోన్‌లో టైమర్ పెట్టుకుని రెండు ఆర్‌సీ (రీడింగ్ కాంప్రహెన్షన్, అంటే పేరా చదివి ప్రశ్నలకు జవాబులు పెట్టేవి) పాసేజ్‌లు చేస్తాను. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న పాత పుస్తకం, సగం జవాబులు ఎవరో ముందే టిక్కు పెట్టేసి ఉన్నాయి. నిన్నటి పాసేజ్ పాత భవనాల మరమ్మత్తుల గురించి. మధ్యలో ఒక వాక్యం "ఇట్ సీమ్స్" అని మొదలైంది. పాత గోడలకు కొత్త మెరుగు పెడితే వాటి వయసును తుడిచేసినట్టే అని దాని సారం. కింద ప్రశ్న: రచయిత దేనితో ఏకీభవిస్తారు? నేను సరిగ్గా ఆ మాట ఉన్న ఆప్షన్‌నే తప్పని కొట్టేశాను. నా చెవికి ఆ వాక్యం "తుడిచేసినట్టేనట" అని వినబడింది. ఎవరో అన్నమాటను రచయిత మనకి చేరవేస్తున్నారు, సొంత మాట కాదు అనుకున్నాను. తీరా చూస్తే కరెక్ట్ ఆన్సర్ అదే. నేను రాయబోయే సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ఎంట్రన్స్, సీయూఈటీ పీజీ లెక్కన రావలసిన నాలుగు మార్కులు పోయి పైగా మైనస్ ఒకటి.

తప్పు ఎక్కడ జరిగిందో రాత్రి పడుకున్నాక తట్టింది. మన ఊళ్లో ఇంగ్లీష్ ఎలా మాట్లాడతాం? "ఎగ్జామ్ వాయిదా పడిందట" అనడానికి "ఎగ్జామ్ ఈజ్ పోస్ట్‌పోన్డ్, ఇట్ సీమ్స్" అంటాం. వాక్యం చివర తోకలా తగిలిస్తాం. చిన్నప్పటి నుంచీ నాకు "ఇట్ సీమ్స్" అంటే "అట" అనే అర్థం. పాసేజ్ రాసినవాళ్ల దృష్టిలో దానికి ఆ అర్థం లేదు కదా. మరి "ఇట్ సీమ్స్"కి తెలుగేమిటి? "అట"కి ఇంగ్లీషేమిటి?

మల్కాజిగిరి మాస్టారు (రిటైర్డ్):
మంచి ప్రశ్న అడిగావమ్మా. ముందు "అట" సంగతి చూద్దాం. అది "నేను చూడలేదు, విన్నాను" అని చెప్పే గుర్తు. "వర్షం పడిందట" అంటే ఎవరో చెప్పారు. నా గురించి నేను చెప్పుకునేటప్పుడు కూడా అతుకుతుంది: "రాత్రి నేను నిద్రలో మాట్లాడానట." మాట్లాడింది నేనే, కానీ సాక్షిని నేను కాదు.

"ఇట్ సీమ్స్"కి దగ్గరి తెలుగు నీ పోస్టులోనే ఉంది, చూసుకున్నావో లేదో. "తుడిచేసినట్టే" అన్నావు కదా, ఆ "నట్టు". పొద్దున లేచి వాకిట్లో తడి చూసి "రాత్రి వర్షం పడినట్టుంది" అంటాం. ఎవరూ చెప్పలేదు. తడి చూశాం, లెక్క కట్టాం. పడిందట వేరు, పడినట్టుంది వేరు. మొదటిదానికి బాధ్యత చెప్పినవాడిది, రెండోదానికి మనది. నీ పాసేజ్ రచయిత "నట్టుంది" అన్నాడు. నువ్వు దానికి "అట" తగిలించి బాధ్యత ఇంకొకరి మీదికి నెట్టేశావు.

కరీంనగర్ నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడినవాణ్ణి:
మా దిక్కు "అట" తక్కువ, "అంట" ఎక్కువ. "వస్తడంట", "పెండ్లంట". కాలేజీలో మా సార్ ఒకాయన దాన్ని తప్పని దిద్దిండు, "అట" అనే రాయాలన్నడు. ఇప్పటికీ "అంట" అని టైప్ చేసినప్పుడల్లా ఆయన ముఖం గుర్తొస్తది. అసలు ఏది సరైనది?

మల్కాజిగిరి మాస్టారు:
రెండూ సరైనవే నాయనా. పాత పద్యాల ప్రతుల్లో చూడండి, "అఁట" అని అరసున్నతో అచ్చువేస్తారు. అరసున్న సాధారణంగా ఎక్కడ ఉంటుంది? ఒకప్పుడు నిండు సున్న పలికి, తర్వాత అరిగిపోయిన చోట. కాబట్టి మీ "అంట"లో ఉన్న సున్న ఎక్కడి నుంచో ఊడిపడింది కాదు. "అఁట"లో అరసున్నగా మిగిలింది, "అట"లో అదీ పోయింది. మిమ్మల్ని దిద్దిన సారుకి ఈ పద్యం వినిపించండి.

పలికెడిది భాగవతమఁట
పలికించు విభుండు రామభద్రుండఁట నేఁ
బలికిన భవహర మగునఁట
పలికెద వేఱొండు గాథ పలుకఁగ నేలా

పోతన పద్యం, అందరికీ నోటికి వచ్చిందే. అమ్మా, ఇప్పుడు దీన్నే నీ పరీక్ష పాసేజ్ అనుకో. మూడు పాదాల్లో మూడు "అఁట"లు. నాలుగో పాదంలో లేదు. "పలికెద" అని తెగేసి చెప్పాడు. రచయిత సొంత నిర్ణయం ఏది అని అడిగితే ఏ ఆప్షన్ పెడతావు?

తార్నాక (పోస్ట్ పెట్టింది నేనే):
నాలుగో పాదమే మాస్టారూ. ఈ పద్యం నాకు ఆరో ఏట నుంచి వచ్చు. అందులో మూడు "అట"లు ఉన్నాయని ఇవాళే చూశాను.

అనువాదాలు చేసుకునేవాణ్ణి, సైనిక్‌పురి:
ఇక్కడ నాకో పేచీ ఉంది. "అట ఉంటే రచయిత మాట కాదు" అని ఈ అమ్మాయి సూత్రం రాసేసుకుంటే రేపు ఇంకో చోట దెబ్బ తింటుంది. పోతన ఆ మూడు "అట"లనూ నమ్మలేదా? నమ్మాడు కాబట్టే "పలికెద" అన్నాడు. "అట" చెప్పేది ఒక్కటే, ఆ మాట నా దగ్గర పుట్టలేదు అని. ఒప్పుకుంటున్నానా లేదా అన్నది "అట"లో లేదు, దాని పక్క వాక్యంలో ఉంటుంది.

ఇంకో చిక్కు చూడండి. "పెద్ద పండితుడట!" అంటే వెటకారం. "అనగనగా ఒక రాజు ఉండేవాడట" అంటే కథ, అందులో వెటకారమూ లేదు, అనుమానమూ లేదు. మన "అట" గొంతును బట్టి మారుతుంది, ఇంగ్లీష్‌లో ఒక్కో గొంతుకి ఒక్కో మాట. "రిపోర్టెడ్‌లీ" అంటే ఉత్త కబురు. "అలెజ్డ్‌లీ" అంటే ఇంకా రుజువు కాలేదు సుమా అనే హెచ్చరిక. "సో-కాల్డ్" అంటే వెటకారపు "అట". టోన్ మీద ప్రశ్న వచ్చినప్పుడు ఈ మూడింటినీ ఒకే గాటన కట్టేస్తే ఇక అంతే.

ఇంగ్లీష్ చెప్పే టీచరమ్మ, విద్యానగర్:
పై ఆయన మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. మా క్లాసులో పిల్లలు తప్పు చేసేది కష్టమైన పదాల దగ్గర కాదు, ఎవరి మాట ఎవరిదో తెలియక. పాసేజ్‌లో రచయిత ముందు ఎదుటివాళ్ల వాదన చక్కగా చెబుతాడు, తర్వాత నెమ్మదిగా దాన్ని పక్కకి తోస్తాడు. పిల్లలు మొదటి భాగం చదివి ఆన్సర్ పెట్టేస్తారు. ఆప్షన్లలో మొదటిది ఎప్పుడూ అదే ఉంటుందని నా అనుమానం, అది వేరే కథ.

ప్రాక్టీస్‌కి తెలుగులోనే ఒక పేరా రాసిస్తాను. ఇది నా సొంతం.

"1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని చెబుతారు. మరుసటి ఏడాది విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన జలాశయాలు కడితే నగరానికి ఇక భయం ఉండదని పాలకులు భావించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ అలా వచ్చాయి. నది అదుపులోకి వచ్చినట్టే కనిపించింది. ఆ ధీమాతోనే కాబోలు జనం నీళ్లు పారిన చోటనే ఇళ్లు కట్టుకున్నారు."

ఇప్పుడు పెన్సిల్ తీసుకో. "చెబుతారు" దగ్గర మార్జిన్‌లో "ట" పెట్టు: బతికారట. "భావించారు" దగ్గర ఇంకో "ట": భయం ఉండదట, ఆ మాట పాలకులది. మొదటి వాక్యానికి ఏమీ వద్దు, అది జరిగిన సంగతి. "అదుపులోకి వచ్చినట్టే కనిపించింది" దగ్గర ఆగాలి. ఎవరికి కనిపించింది? ఊళ్లో అందరికీ. ఆ "ట్టే"లో ఉన్న చిన్న ఎత్తిపొడుపు మాత్రం రచయితది. చివరి వాక్యంలో "కాబోలు" చూడు, అది పక్కా రచయిత ఊహ. ఎవరూ చెప్పలేదు, తనే లెక్క కట్టుకున్నాడు. అక్కడ "న" అని పెట్టు, "నట్టుంది"కి గుర్తుగా. రచయిత అభిప్రాయం అడిగితే "న" ఉన్న చోటికి వెళ్లు. "ట" ఉన్న చోట మాత్రం పక్క వాక్యం చదివాకే ముందుకు కదులు.

ఇన్ఫరెన్స్ ప్రశ్నలంటే, అంటే పేరాలో నేరుగా చెప్పనిదాన్ని ఊహించి చెప్పేవంటే, పిల్లలకి హడల్. అవి కూడా వాకిట్లో తడి చూసి వాన పడినట్టుందని చెప్పడం లాంటివే. తడి పేరాలో చూపించగలగాలి. చూపించలేకపోతే అది ఇన్ఫరెన్స్ కాదు, మన సొంత కవిత్వం.

కరీంనగర్ నుంచి వచ్చి కూకట్‌పల్లిలో స్థిరపడినవాణ్ణి:
మేడమ్, పరీక్ష కంప్యూటర్ మీద కదా. స్క్రీన్ మీద పెన్సిల్ ఎట్ల పెడతరు?

ఇంగ్లీష్ చెప్పే టీచరమ్మ, విద్యానగర్:
😀 ఇంట్లో పెట్టుకోమన్నాను. ఇరవై పాసేజ్‌లకు పెన్సిల్ పెడితే ఇరవై ఒకటోదానికి చెవే పట్టేస్తుంది. పరీక్షలో తెలుగు చేసుకుంటూ కూర్చోమని కాదు, అలా చేస్తే టైమ్ చాలదు. ఎవరో "అన్నారు, నమ్మారు, వాదించారు" అని వచ్చిన చోట మాత్రమే మనసులో "ట" మోగాలి. నవలల్లోంచి తీసిన పాసేజ్‌లకి ఈ చిట్కా అంత బాగా పనిచేయదు. అక్కడ పాత్ర ఆలోచనని "అనుకుంది" అని కూడా అనకుండా నేరుగా రాసేస్తారు. "ట" పెట్టడానికి ఆధారమే దొరకదు. అవి విడిగా చదవాలి.

ఉస్మానియా వాళ్లు పెట్టే పీజీ ఎంట్రన్స్ సీపీగెట్ కూడా రాస్తుంటే అందులో మైనస్ మార్కులు లేవు, అక్కడ ఏదీ వదిలిపెట్టకు.

పాతబస్తీ, హుస్సేనీ ఆలం:
మా వీధిలో ఉర్దూలోనూ "అట" ఉంది తెలుసా? "వో నై ఆతా కతే." రాడట అని. ఢిల్లీ వాళ్లు ఈ "కతే" విని నవ్వుతారు. మా పక్కింటి చాచాకి తెలుగు ఒక్క ముక్క రాదు, కానీ ఆయన "కతే" మన "అట" ఉండే చోటనే, వాక్యం చివరనే, దిగుతుంది. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారో పండితులు తేల్చాలి. నా మటుకు నాకు అది మన నీళ్ల మహిమలా ఉంది.

అనువాదాలు చేసుకునేవాణ్ణి, సైనిక్‌పురి:
దక్షిణాన అందరికీ ఉంది ఈ జబ్బు. కన్నడంలో "అంతె", తమిళంలో "ఆమ్", మలయాళంలో "అత్రె". వీటన్నిటినీ ఇంగ్లీష్‌లోకి మారిస్తే అందరి దగ్గరా చివరన "ఇట్ సీమ్స్" తేలుతుంది. అందుకే బెంగళూరులోనూ చెన్నైలోనూ అచ్చం మనలాగే మాట్లాడతారు. ఇది తప్పు ఇంగ్లీష్ అని నేను అనను. మన మధ్య అందరికీ అర్థమవుతోంది కదా. పాసేజ్ రాసినాయన మన మధ్య లేడు, చిక్కల్లా అదే.

తార్నాక:
అందరికీ థాంక్స్. నిన్నటి పాసేజ్ మళ్లీ తీసి మార్జిన్‌లో "ట"లూ "న"లూ పెట్టాను. మూడు "ట"లు వచ్చాయి, "న" ఒక్కటే. నేను కొట్టేసింది ఆ ఒక్కదాన్నే.

మా రూమ్మేట్‌ది రాయచూరు. పుస్తకం లాక్కుని ఈ గుర్తులేంటే అని అడిగింది. చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తన పుస్తకం తెచ్చుకుని కూర్చుంది. ఇప్పుడు చూస్తే దాని మార్జిన్ నిండా కన్నడ లిపిలో "అంతె", "అంతె" అని ఉంది. మూడో పాసేజ్‌లో ఒక వాక్యం దగ్గర మా ఇద్దరికీ గొడవ, నేను "న" అంటాను, తను "అంతె" అంటుంది. విద్యానగర్ మేడమ్, ఫోటో తీసి పంపిస్తాను, మీరు చెప్పండి.