మాస్ట్ లేపాక కింది పిన్ను రావట్లేదు: నిలబెట్టే కొట్టాలా, దించాలా?

గాలివాటం:
చిన్న క్యాటమరాన్ (జంట పొట్టల తెరచాప పడవ). మాస్ట్ (తెరచాప కొయ్య) లేపాం, దాన్ని నిలబెట్టే తీగలు, అంటే పక్క ష్రౌడ్లు, ముందు ఫోర్‌స్టే తగిలించాం. అంతా అయ్యాక మాస్ట్ పాదం దగ్గర కీలులా పనిచేసే పిన్ను తీద్దామంటే కదలట్లేదు. అది తీయకపోతే మాస్ట్ గాలికి తగ్గట్టు తిరగదు. పిన్ను స్టెయిన్‌లెస్, పాదం అల్యూమినియం. కన్నం చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తోంది. ఇలా నిలబెట్టే కొట్టవచ్చా, దించేసి చూడాలా?

సుత్తిరాజు:
దించడమెందుకు? పిన్ను కన్నా కాస్త సన్నగా ఉండే పంచ్ (సుత్తితో కొట్టే ఇనుప కడ్డీ) తీసుకోండి. అవతలి వైపు కన్నం చుట్టూ ఒక సాకెట్ (నట్లు విప్పే గొట్టంలాంటి పానా ముక్క) ఆనించి ఒకరు గట్టిగా పట్టుకోవాలి. పిన్ను అందులోకి దిగుతుంది, పాదానికి దెబ్బ తగలదు. ఒక్కటే గట్టి దెబ్బ. తడిమి తడిమి కొడితేనే పాడవుతుంది.

నిదానం:
రాజు గారూ, ఆ తెల్ల పొడి ఊరికే రాలేదు. ఉప్పునీళ్లలో స్టెయిన్‌లెస్ పక్కన ఉన్న అల్యూమినియం తినేసుకుపోతుంది. అలా పుట్టిన పొడి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి పిన్నును బిగించేస్తుంది. ఇప్పుడు కొడితే పిన్ను చివర విచ్చుకుంటుంది, ఆ తర్వాత కన్నంలోంచి అసలు పోదు. ముందు పాదం మీద మరిగే నీళ్లు పోయండి. డిగ్రీకి అల్యూమినియం మీటరుకు సుమారు 23 మైక్రాన్లు పెరుగుతుంది, స్టెయిన్‌లెస్ 17 దాకా. అంటే కన్నమే ఎక్కువ తెరుచుకుంటుంది. వెంటనే పెనెట్రేటింగ్ ఆయిల్ (సందుల్లోకి దిగే పల్చటి నూనె) వేసి రాత్రంతా వదిలేయండి. టార్చ్ మంట మాత్రం వద్దు, పక్కనే ప్లాస్టిక్ బేరింగ్, ట్రాంపొలిన్ (మనం కూర్చునే వలగుడ్డ) ఉంటాయి.

సుత్తిరాజు:
లెక్క నేనూ వేస్తాను. పది మిల్లీమీటర్ల పిన్ను, 70 డిగ్రీల వేడి. తేడా నాలుగు మైక్రాన్లు! ఈ నాలుగు మైక్రాన్ల కోసం కెటిల్ పట్టుకుని పడవ ఎక్కాలా?

తెడ్డు:
ముందు పిన్ను మీద బరువు తీశారా?

నిదానం:
సందు తెరుచుకోవడం కాదండీ ముఖ్యం. వేడికి, చల్లదనానికి ఆ పొడి పట్టు చిట్లుతుంది, నూనె లోపలికి దిగుతుంది.

సుత్తిరాజు:
నాలుగు మైక్రాన్లు.

కొత్తపడవ:
నాకైతే డబ్ల్యూడీ-40 స్ప్రే సరిపోయింది.

నిదానం:
సరే, చెప్పేస్తాను. నేను కొన్న సెకండ్ హ్యాండ్ పడవ పాదానికి పిన్ను కన్నం నుంచి అంచు దాకా పగులు ఉంది. మీలాంటి సుత్తి వీరుడెవరో కొట్టి, పైన రంగు పూసి నాకు అంటగట్టాడు. మాస్ట్ లేపుతుండగా పాదం విరిగి మాస్ట్ పక్కకి పడింది. మా తమ్ముడు ఒక్క అడుగు ఇవతల ఉన్నాడు కాబట్టి సరిపోయింది. నాకు మైక్రాన్లతో గొడవ లేదు. నిలబడి ఉన్న మాస్ట్ కింద మనిషిని కూర్చోబెట్టి కొట్టమంటున్నారే, అదీ నా బాధ. దించండి అంటున్నాను.

సుత్తిరాజు:
ఎవరో చేసినదానికి నన్నంటే ఎలా? సరే, దించమన్నారు. దేని మీద దించుతారు? ఆ పిన్ను మీదే కదా! మీకు నమ్మకం లేని ఆ పిన్ను, పగిలిందేమోనని మీరే అనుమానించే ఆ పాదం, వాటి మీద ఇరవై అడుగులు దాటిన కొయ్యను వాలుస్తారా? తీగలన్నీ తగిలించి ఉన్నప్పుడు మాస్ట్ ఎక్కడికీ పోదు. ప్రమాదమంతా లేపేటప్పుడూ దించేటప్పుడూనే.

నిదానం:
ఆ మాట ముందే అనుంటే ఇంత గొడవ ఉండేది కాదుగా. పాదంలో పగులుంటే దించడం ప్రమాదమే, ఒప్పుకుంటాను. కానీ కొట్టే ముందు తెల్ల పొడి గీకి, టార్చ్ లైటు వేసి కన్నం చుట్టూ చూడమని మీరు ఒక్కసారైనా చెప్పారా?

ఉప్పుగాలి:
దించితే పైన కరెంటు తీగలు లేని చోట దించండి.

గాలివాటం:
పొడి గీకి చూశాను, పగులు కనిపించలేదు. తెడ్డు గారు అడిగింది ఇప్పుడే చూసి చేశాను. ఫోర్‌స్టే తగిలించే ఉంచి, జిబ్ హేల్యార్డ్ (ముందు తెరచాపను పైకి లాగే తాడు) పట్టుకుని ఒకరు ముందుకి లాగారు. వెనక్కి వాలి ఉన్న మాస్ట్ పాదం సరిగ్గా కూర్చుంది. పంచ్ ఆనించి చేత్తో నెడితే సగం దాకా వచ్చి మళ్లీ ఆగింది. నూనె వేశాను.

సుత్తిరాజు:
సగం వచ్చిందిగా. ఇప్పుడు సాకెట్ ఆనించి ఒక్కటి వేయండి.

నిదానం:
రేపు వేయండి. ఆ పిన్ను మళ్లీ వాడకండి, కొత్తది లానోలిన్ (గొర్రె ఉన్ని కొవ్వు) గ్రీజు పూసి పెట్టుకోండి.

సుత్తిరాజు:
రేపట్నుంచి గాలి తగ్గుతుంది.