మాఊన్: దానమా, ఎరువా?

ఖురాన్ 107వ అధ్యాయం పేరు 'అల్ మాఊన్'. మొత్తం ఏడే వాక్యాలు. ఆఖరి మాట కూడా ఇదే: "మాఊన్ ఇవ్వరు". దీన్ని తెలుగులో ఏమనాలి? 'దానం' అని రాసి కొట్టేశాను. 'నిత్యావసరాలు' అంటే సరుకుల చీటీలా ఉంది. మంచి మాట ఏదైనా తడితే చెప్పండి.

—

కొట్టేసి మంచి పని చేశారండీ. నా ఓటు 'ఎరువు'కి. పొలంలో చల్లేది కాదు, వాడుకుని తిరిగి ఇచ్చేది. చేబదులు తీసుకుంటే అంత డబ్బు తీరుస్తాం, అదే నోటు ఇవ్వం. ఎరువు తెచ్చుకుంటే ఆ వస్తువునే తిరిగి ఇవ్వాలి. ప్రవక్త సహచరుడు ఇబ్న్ మస్ఊద్ పేరిట వచ్చిన వివరణలో మాఊన్ అంటే గొడ్డలి, వంటకుండ, చేద లాంటివి. ఇచ్చినా తరిగిపోనివి, రేపు మళ్లీ ఇంటికొచ్చేవి. అవి కూడా ఇవ్వని మనిషి గురించే ఈ మాట.

అసలు ఈ అధ్యాయం నడక చూడండి. అంతిమ తీర్పును అబద్ధమనేవాణ్ణి చూశావా అని మొదలవుతుంది. వాడెవడంటే అనాథను గెంటేసేవాడు. అక్కడి క్రియ 'యదుఉ్ఉ'. పొమ్మనడం కాదు, మోటుగా తోసెయ్యడం. తర్వాత హఠాత్తుగా "నమాజు చేసేవాళ్లకు నాశనం" అంటుంది. నాలుగో వాక్యం అంతే! అక్కడ ఆపి చదివితే అర్థం తలకిందులైపోతుంది. ఎలాంటి నమాజీలు అన్నది ఆ తర్వాత వస్తుంది: నమాజు పట్ల ఏమరుపాటుగా ఉండేవాళ్లు, నలుగురూ చూడాలని చేసేవాళ్లు, చివరికి మాఊన్ ఇవ్వనివాళ్లు.

ఇక్కడ ఒక విభక్తి సంగతి ఉంది. అరబీలో 'ఫీ సలాతిహిమ్' అని ఉంటే 'నమాజులో' ఏమరుపాటు అని అర్థం. అప్పుడు మధ్యలో మనసు అటూ ఇటూ పోయే ప్రతివాడూ దొరికిపోయేవాడు. ఉన్నది 'అన్ సలాతిహిమ్', అంటే 'నమాజు పట్ల'. పాత వ్యాఖ్యాతలు ఈ తేడా చూసి ఊపిరి పీల్చుకున్నారు. అనువాదంలో 'లో' రాస్తే ఇదంతా పోతుంది.

—

మాఊన్ అంటే జకాత్, అంటే సొమ్మున్నవాళ్లు విధిగా ఇవ్వాల్సిన వంతు, అన్న వ్యాఖ్య కూడా ఉంది కదా? ప్రవక్త అల్లుడు హజ్రత్ అలీ పేరిట చెబుతారు.

—

ఉంది, కాదనను. కానీ జకాత్‌కు లెక్క ఉంది. నిసాబ్ అనే కనీస పరిమితి దాటిన సొమ్ము ఏడాది పాటు చేతిలో ఉంటే నలభయ్యో వంతు, అంటే 2.5 శాతం. ఎవరికి చెందాలో తొమ్మిదో అధ్యాయం 60వ వాక్యంలో ఎనిమిది రకాలుగా చెప్పారు. చేదకు ఏ శాతం కడతాం? జకాత్ పైసాతో సహా కట్టి, కుండ అడిగితే తలుపేసుకునేవాడు ఉంటాడు. నా చదువులో ఈ వాక్యం వాణ్ణి కూడా పట్టుకుంటుంది. దండించడానికి అంత చిన్న వస్తువును ఎంచుకోవడంలోనే దాని పదును ఉంది. 'దానధర్మాలు' అని రాస్తే ఆ పదును మొద్దుబారిపోతుంది.

పైగా దానం అనగానే ఇచ్చేవాడు ఒక మెట్టు పైకెక్కుతాడు. రెండో అధ్యాయం 264వ వాక్యం దెప్పిపొడిచి దానాన్ని పాడు చేసుకోవద్దంటుంది. నున్నటి బండ మీద మట్టి, జడివాన పడగానే ఉత్త బండ మిగలడం అక్కడి పోలిక. ఎరువులో ఆ మెట్టు లేదు. ఇవాళ ఇచ్చినవాడే రేపు అడుగుతాడు.

—

ఒప్పుకున్నాను గానీ, 'ఎరువు' అని ఉత్తినే రాస్తే ఇప్పటి పాఠకుడు నేరుగా పొలానికి వెళ్లిపోతాడు. 'ఎరవు' అని రాస్తే అచ్చుతప్పనుకుంటారు.

—

నామవాచకంగా వాడకండి. క్రియతో కలిపి "కుండైనా ఎరువివ్వరు" అనండి, పొలం గుర్తురాదు.