ఢీకొట్టే శోధక నమూనాలో సెన్సార్లను కాపాడుకోవడం ఎలా?

విశాఖపట్నంలో డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. నేలను ఢీకొట్టి కొలతలు తీసే అంతరిక్ష శోధకానికి ఒక చిన్న నమూనాను వారితో కలిసి చేయాలనుకుంటున్నాము. 2008 నవంబరు 14న చంద్రయాన్-1 నుంచి విడివడిన మూన్ ఇంపాక్ట్ ప్రోబ్, చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతాన్ని ఢీకొట్టేలోగా, దిగుతున్న సుమారు 25 నిమిషాలలోనే తన కొలతలన్నీ పంపింది. 1999లో అంగారకుడిని చేరిన నాసా వారి డీప్ స్పేస్-2 జంట శోధకాలు నేలలోకి దిగబడి, ఆ తరువాత కూడా పనిచేస్తూ మట్టిలో నీటి జాడ వెతకవలసి ఉండగా, వాటి నుంచి ఒక్క సంకేతమూ రాలేదు. మా విద్యార్థులను ఆకట్టుకున్నది ఈ రెండో మార్గమే. కష్టమైనా నేర్చుకోవలసినది అందులోనే ఎక్కువని నా నమ్మకం.

మొన ఉన్న ఉక్కు గొట్టంలో త్వరణమాపకాన్ని, ఉష్ణోగ్రత సెన్సార్‌ను అమర్చి, 20 మీటర్ల ఎత్తు నుంచి ఇసుక గుంటలోకి వదలాలనుకుంటున్నాము. అది సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తాకి 10 సెంటీమీటర్లలో ఆగితే, సగటు మందగమనం భూగురుత్వ త్వరణానికి దాదాపు 200 రెట్లు ఉంటుంది. గరిష్ఠం ఇంకా ఎక్కువ. ఇదంతా సెకనులో నూరో వంతులో ముగుస్తుంది. సముద్రతీరపు ఇసుకలో తడి ఎక్కడికక్కడ మారుతుంది కనుక, ఆరబెట్టి జల్లించిన ఇసుకనే వాడుతాము.

సర్క్యూట్ బోర్డు చుట్టూ ఎపాక్సీ (పోశాక గట్టిపడే జిగురు) నింపడం మేలా, సన్నని గాజు పూసలు నింపడం మేలా? తాకిడికి బ్యాటరీ తీగలు ఊడకుండా ఎలా బిగించాలి? సెకనుకు 5,000 కొలతలు సరిపోతాయా? ఇటువంటి పరికరాలు స్వయంగా చేసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.